ఇండియన్ ఓపెన్‌కి నాలుగు లైన్లేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. రైల్వేలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో పదకొండేళ్లు కలకత్తాలో గడిచాయి. మీ పేపరు మా ఇంటికి మా నాన్న కాలం నుంచీ వస్తోంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీకు ఉత్తరం రాయలేదు, రాయాలని అనిపించలేదు. ఇప్పుడు రాయకుండా ఉండలేక కూర్చున్నాను, కొంచెం పెద్దదయ్యేలా ఉంది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మీ పాఠకుల ఉత్తరాల్లో కనిగిరి వైపు నుంచి ఒకాయన రాశారు. తాగే నీళ్లకే ఇబ్బంది పడే మా ప్రాంతంలో గోల్ఫ్ వార్తలు ఎవరికండీ, అది డబ్బున్నోళ్ల ఆట, ఆ జాగాలో ఊళ్లల్లో ఆడే కబడ్డీ పోటీల వార్తలు వేస్తే పదిమందీ చదువుతారు కదా అని ఆయన బాధ. ఆయన మాటలో న్యాయం లేదని నేను అనను. కనిగిరి వైపు పల్లెల్లో నీళ్ల బాధ ఏమిటో నాకు తెలుసు, మా మేనత్తను ఇచ్చింది ఆ వైపే. కబడ్డీ వార్తలు ఇంకా వెయ్యాలన్నదీ నిజమే, వెయ్యండి. కానీ అసలు మీరు వేసిన గోల్ఫ్ వార్త ఎంతండీ? ఇండియన్ ఓపెన్, అంటే మన దేశంలో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ, అయిపోయాక స్పోర్ట్స్ పేజీలో కింద మూలన నాలుగు లైన్లు. గెలిచిన విదేశీయుడి పేరు, దేశం, స్కోరు, అయిపోయింది. ఆ నాలుగు లైన్లు చదివినవాడికి అది డబ్బున్నోళ్ల ఆటే అనిపిస్తుంది, ఇంకేమనిపిస్తుంది? తప్పు కనిగిరి పెద్దమనిషిది కాదు. ఈ పోటీ ఎక్కడ పుట్టిందో, మనవాళ్లలో దీన్ని ఎవరు గెలిచారో మీ పేపరు ఎప్పుడూ చెప్పలేదు, అందుకే ఆయన అలా రాశారు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. గోల్ఫ్ క్లబ్బులు డబ్బున్నోళ్లవి, దాంట్లో సందేహం లేదు. కానీ ఇండియన్ ఓపెన్ గెలిచిన మనవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటూ పోతే అందులో కొందరు ఆ డబ్బున్నోళ్ల గోల్ఫ్ కర్రల బ్యాగులు మోసినవాళ్లు, ఆ గడ్డికి నీళ్లు పట్టినవాళ్ల పిల్లలు. ఈ సంగతి మన తెలుగు పిల్లలకి తెలియాలి.

ఇది మన దేశంలోనే జరిగింది కాదు, మొదట్నుంచీ అంతే. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న గోల్ఫ్ పోటీల్లో అన్నిటికన్నా పాతది బ్రిటన్ వాళ్ల ఓపెన్ ఛాంపియన్‌షిప్. 1860 అక్టోబరు 17న స్కాట్లండ్‌లో ప్రెస్ట్‌విక్ అనే ఊళ్లో మొదలైంది. ఎంతమంది ఆడారో తెలుసా? ఎనిమిది మంది. అది బంతిని వెయ్యాల్సిన గుంటలు పన్నెండు ఉన్న మైదానం, మూడు చుట్లు తిరిగితే ముప్ఫై ఆరు, మొత్తం ఒక్కరోజులో అయిపోయింది. విల్లీ పార్క్ అనే ఆయన అందరికన్నా తక్కువగా 174 దెబ్బల్లో పూర్తిచేసి గెలిచాడు. రెండు దెబ్బల తేడాతో రెండో స్థానంలో ఉన్నది టామ్ మోరిస్, ఆయన ఉద్యోగం ఏమిటంటే ఆ ప్రెస్ట్‌విక్ మైదానంలో గడ్డి చూసుకోవడం. విల్లీ పార్క్ కూడా చిన్నప్పుడు క్యాడీగా బ్యాగులు మోసినవాడే. గెలిచినందుకు డబ్బు ఒక్క పైసా ఇవ్వలేదు. ఎర్ర తోలుతో చేసి వెండి బిళ్లలు తాపడం చేసిన ఒక బెల్టు ఇచ్చారు, అదీ ఏడాదిపాటు దగ్గర పెట్టుకోవడానికి. వరసగా మూడేళ్లు గెలిస్తే సొంతం అని రూలు.

ఆ టామ్ మోరిస్ తర్వాత నాలుగుసార్లు గెలిచాడు, చివరిది 1867లో, నలభై ఆరేళ్ల వయసులో. అంత పెద్ద వయసులో ఆ పోటీ గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. మరుసటి ఏడాది అదే పోటీ ఆయన కొడుకు గెలిచాడు, కొడుకు పేరు కూడా టామే, వయసు పదిహేడు. అంత చిన్న వయసులో గెలిచినవాడూ ఇప్పటికీ లేడు. గడ్డి చూసుకునే ఉద్యోగి ఇంట్లో తండ్రీ కొడుకులు ఏడాది తేడాలో కట్టిన ఆ రెండు రికార్డులు నూట యాభై ఏళ్లు దాటినా కదల్లేదు. ఆ కొడుకు 1868, 1869, 1870 వరసగా గెలిచేసి బెల్టు ఇంటికి పట్టుకుపోయాడు. బెల్టు లేదు కాబట్టి 1871లో పోటీయే జరగలేదు! మళ్లీ 1872లో మొదలుపెట్టి, ఈసారి బెల్టు వద్దని వెండి కూజా చేయించారు, దాన్నే క్లారెట్ జగ్ అంటారు. ఇప్పటికీ గెలిచినవాడికి దాని నకలే ఇస్తున్నారు. దాని మీద చెక్కిన మొదటి పేరు ఆ కుర్రవాడిదే. పాపం పురిటిలో భార్య, బిడ్డ పోయాక అదే ఏడాది, 1875 క్రిస్మస్ రోజున తనూ పోయాడు, ఇరవై నాలుగేళ్లకే. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇంకో సంగతి. ప్రెస్ట్‌విక్‌లో ఆ ఎనిమిది మంది ఆడటానికి ముప్ఫై ఒక్క ఏళ్ల ముందే, 1829లో, కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. అదే నేటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్. బ్రిటన్ దీవులు దాటాక ప్రపంచంలో అంత పాత గోల్ఫ్ క్లబ్బు మరోటి లేదు. అంటే ఈ ఆట మన దేశానికి నిన్నా మొన్నా వచ్చింది కాదు.

మన ఇండియన్ ఓపెన్ మాత్రం 1964లో మొదలైంది. మొదలవడానికి ముఖ్య కారకుడు పీటర్ థామ్సన్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు. అప్పటికే బ్రిటన్ ఓపెన్ నాలుగుసార్లు గెలిచాడు, ఆ తర్వాతి ఏడాది ఐదోది కూడా గెలిచాడు. అంతటివాడు మన దేశానికి వచ్చి, ఇక్కడి మైదానాలు చూసి, మీరూ ఒక ఓపెన్ పెట్టుకోండి, నేనొచ్చి ఆడతాను, మిగతావాళ్లనీ రమ్మంటాను అని వెంటపడ్డాడు. చెప్పినట్టే వచ్చాడు. మొదటి పోటీ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగితే గెలిచిందీ ఆయనే. 1966లో మళ్లీ గెలిచాడు, పదేళ్ల తర్వాత 1976లో ఇంకోసారి. మొదటి ఇరవై ఏళ్లలో ఈ పోటీకి ఆయన చేసిన మేలు చాలా పెద్దది, ఆయన 2018లో పోయాడు.

ఓపెన్ అంటే ఏమిటని మా మనవడు అడిగాడు. పేరులోనే ఉంది, తలుపులు తెరిచి ఉన్నాయని. ఆడి సంపాదించుకునే ప్రొఫెషనల్ రావచ్చు, సరదాకి ఆడే అమెచ్యూర్ కూడా రావచ్చు, ఆట ఉంటే చాలు. ఈ సంగతి రెండో ఏడాదే రుజువైంది. 1965లో రాయల్ కలకత్తాలో జరిగినప్పుడు పి.జి. సేఠీ అనే మనవాడు, అందరూ బిల్లూ అని పిలిచేవారు, ఒక అమెచ్యూర్, వచ్చిన ప్రొఫెషనల్స్ అందర్నీ వెనక్కి నెట్టి గెలిచాడు. ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయుడు ఆయన. అమెచ్యూర్‌గా గెలిచింది ఆయనొక్కడే.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు మనవాడు ఒక్కడూ గెలవలేదు. జపాన్ ఆటగాడు కెంజి హోసోయిషి 1967, 68 వరసగా రెండేళ్లు పట్టుకుపోయాడు. ఫిలిప్పీన్స్ వాళ్లు, తైవాన్ వాళ్లు, అమెరికా వాళ్లు వచ్చి గెలిచారు. 1981లో పేన్ స్టువర్ట్ అనే అమెరికా కుర్రవాడు గెలిచాడు. అప్పటికి ఆయన ఎవరికీ తెలియదు, తర్వాత వాళ్ల యూఎస్ ఓపెన్ రెండుసార్లు గెలిచి ప్రపంచమంతా తెలిసినవాడయ్యాడు, 1999లో విమాన ప్రమాదంలో పోయాడు. అంటే మన పోటీ అప్పటికే ఎదిగే కుర్రాళ్లు వచ్చి తమ ఆటకి పదును పెట్టుకునే స్థాయిలో ఉంది.

మరి మనవాళ్లు ఎందుకు గెలవలేదు? నేను కలకత్తాలో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. ఆడి బతకాలనుకున్న మనవాళ్లలో చాలామంది క్యాడీలుగా మొదలైనవాళ్లు. వాళ్లకి సొంత కర్రల సెట్టు ఉండేది కాదు. ఎవరో మెంబరు వాడి వదిలేసిన కర్ర ఒకటి, ఇంకొకాయన ఇచ్చింది ఇంకొకటి, అలా ఏడెనిమిది పోగుచేసుకునేవారు. బంతులు పొదల్లో వెతికి పట్టుకున్నవే. విదేశీ సామాను తెప్పించుకోవడం గగనమైన రోజులవి. మైదానంలోకి దిగడానికి కూడా వాళ్లకి వారంలో ఒక్క పూటో, మెంబర్లు ఎవరూ లేని వేళో. అలాంటివాళ్లు ఏడాదంతా ఊరూరా పోటీలాడి వచ్చినవాళ్ల మీద నాలుగు రోజులు నిలబడి ఆడాలి.

నిలబడ్డాడు ఒకడు. 1991లో అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా బ్యాగులు మోసినవాడు, అదే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. భారతీయ ప్రొఫెషనల్ ఈ పోటీ గెలవడం అదే మొదటిసారి. అది గాలివాటం గెలుపు అనుకున్నవాళ్లకి 1993లో మళ్లీ గెలిచి చూపించాడు. ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది. ఎడిటర్ గారూ, ఒక్క నిమిషం ఆగి చూడండి. ఏ మైదానంలో వేరేవాళ్ల సామాను భుజాన వేసుకుని నడిచాడో, ఆ మైదానంలోనే అదే దారిలో తన సామాను ఇంకొకరు మోస్తుంటే నడిచి కప్పు అందుకున్నాడు. ఇలాంటిది క్రికెట్‌లో జరిగి ఉంటే మనం పిల్లలకి కథలుగా చెప్పుకునేవాళ్లం.

1999లో నేను స్వయంగా చూశాను. అప్పుడు నా ఉద్యోగం గార్డెన్ రీచ్ ఆఫీసులో, ఇల్లు టాలీగంజ్ వైపు ఒక చిన్న గది. పక్క వాటాలో ఒక బీహారీ పెద్దాయన ఉండేవాడు, చాచా అని పిలిచేవాణ్ణి, నన్ను బాబూ అనేవాడు. చిన్నతనం నుంచీ క్యాడీ పనే. ఆయన కుడి భుజం మీద చొక్కా తీస్తే ఒక నల్లటి కాయ కనపడేది, మూడు వేళ్ల వెడల్పున, బ్యాగు పట్టీ ఒరుసుకుని ఒరుసుకుని గట్టిపడిపోయింది. ఆ బ్యాగు పదిహేను కిలోలకు తక్కువుండదు, దాన్ని వేసుకుని పద్దెనిమిది గుంటలు తిరిగితే ఏడెనిమిది కిలోమీటర్లు, కలకత్తా ఎండలో. ఆ ఏడాది ఇండియన్ ఓపెన్ రాయల్ కలకత్తాలో జరిగింది. ఆఖరి రోజు ఆయన నాకో పాసు సంపాదించి వెంట తీసుకెళ్లాడు.

నాకు ఆట ఏమీ తెలియదు. ఒక చోట గ్రీన్ పక్కన, అంటే గుంట ఉండే నున్నటి గడ్డి దగ్గర, చాచా గొంతుక్కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు. గడ్డి చూడు బాబూ, రంగు చూడు అన్నాడు. గడ్డికి రంగేమిటి, పచ్చ అన్నాను. కాదట. మనం నిలబడిన చోటు నుంచి చూస్తే ఒక పక్క గడ్డి తళతళలాడుతూ తెల్లగా ఉంది, ఇంకో పక్క నల్లగా, మొద్దుగా ఉంది. తళతళలాడితే గడ్డి కొనలు అవతలికి వాలినట్టు, బంతి జారుతూ పోతుంది, మెల్లగా కొట్టాలి. నల్లగా ఉంటే కొనలు మనవైపు తిరిగి ఉన్నట్టు, బంతి ఆగిపోతుంది, గట్టిగా కొట్టాలి. ఇది చెప్పగానే నాకు మా ఊరి వరి చేలు గుర్తొచ్చాయి. పంట మీద గాలి తిరిగినప్పుడు ఒక మడి వెండిలాగా మెరిసి పక్క మడి ముదురు రంగుకు తిరుగుతుంది చూడండి, అదే. చిన్నప్పట్నుంచీ చూసిందే, దాన్ని చదవొచ్చని మాత్రం తెలియదు. చాచా బడికి వెళ్లలేదు, కానీ ఆ గడ్డిని మనం పేపరు చదివినట్టు చదివేవాడు.

ఆ రోజు గెలిచింది అర్జున్ అత్వాల్. ఆయన కలిగిన కుటుంబం నుంచి వచ్చినవాడే, ఆ మాట దాచనక్కర్లేదు, బాగా ఆడాడు గెలిచాడు, పదకొండేళ్ల తర్వాత 2010లో అమెరికాలో ఏడాదంతా నడిచే పీజీఏ టూర్ పోటీల్లో ఒకటి గెలిచిన మొదటి భారతీయుడు కూడా ఆయనే అయ్యాడు. కానీ చాచా కళ్లు ఆయన మీద లేవు. రెండో స్థానంలో నిలిచినవాళ్లలో ఒక కుర్రవాడున్నాడు, ఇరవయ్యో ఇరవై ఒకటో ఏళ్లుంటాయి, బక్కగా ఉన్నాడు. శివశంకర్ ప్రసాద్ చౌరాసియా. వాళ్ల నాన్న అదే క్లబ్బులో గ్రీన్లు చూసుకునే మాలీ. ఆ గడ్డి మీదే తనంతట తను ఆట నేర్చుకున్న పిల్లవాడు. మా వాడు అన్నాడు చాచా, రెండు మూడుసార్లు అన్నాడు, మా వాడు, మా వాడు అని. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ కుర్రవాడు గెలవడానికి ఇంకా పదిహేడేళ్లు పట్టింది. ఈలోపు మిగతావాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. జ్యోతి రణధావా 2000లో గెలిచి, మళ్లీ 2006, 2007 వరసగా గెలిచి థామ్సన్‌తో సమానంగా మూడు టైటిళ్లు సంపాదించాడు. 2002లో లక్నో వాడు విజయ్ కుమార్ గెలిచాడు. 2009 గురించి మాత్రం కొంచెం ఆగాలి.

2009లో గెలిచింది చిన్నస్వామి మునియప్ప. పేరు వింటుంటే మన పక్క ఊరివాడిలా లేదూ? బెంగళూరు మనిషి. కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో క్యాడీగా మొదలుపెట్టాడు. గుర్గావ్‌లో జరిగిన ఆ పోటీలో నాలుగు రోజుల ఆట అయ్యేసరికి కొరియా ఆటగాడితో స్కోరు సమానం. సమానమైతే మళ్లీ గుంట ఆడతారు, ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్లది, దాన్ని ప్లేఆఫ్ అంటారు. ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. మునియప్ప నిలబడి గెలిచాడు. బెంగళూరు మన నెల్లూరు నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం. మన జిల్లాల నుంచి అక్కడికి కూలి పనికి, కట్టుబడి పనికి ఎన్ని కుటుంబాలు వెళ్లాయో మీకు నేను చెప్పాలా? ఆ కుటుంబాల పిల్లలకి మునియప్ప పేరు తెలియాలా వద్దా? ఆ వార్త కోసం మరునాడు మా స్టేషన్ దగ్గర బంకులో దొరికిన తెలుగు పేపర్లన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లో కూడా ఆయన క్యాడీ అన్న ముక్క లేదు. ఆ రోజు కలిగిన బాధే ఈ ఉత్తరం అనుకోండి.

2013లో ఢిల్లీలో బంగ్లాదేశ్ వాడు సిద్దికుర్ రహమాన్ గెలిచాడు. ఆయనా అంతే, ఢాకాలో కుర్మిటోలా క్లబ్బులో బంతులు ఏరే పిల్లవాడిగా మొదలైనవాడు. మనవాడు కాకపోయినా సంతోషపడ్డాను. ఆ ఏడాది కూడా రెండో స్థానంలో చౌరాసియా ఉన్నాడు. అప్పటికి మూడోసారి.

2014లో పోటీ లేదు, 2015 ఫిబ్రవరికి మార్చారు. ఆ ఏడాది నుంచి యూరప్ ఆటగాళ్లు ఏడాదంతా ఆడే యూరప్ టూర్ పోటీల్లో ఇదీ కలిసింది, అంటే పోటీ ఇంకా కష్టమైంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్. ఆఖరి రోజు ఉదయానికి అనిర్బన్ లాహిరి ఏడు దెబ్బలు వెనకబడి ఉన్నాడు, చౌరాసియా ముందున్నాడు. ఏడు దెబ్బలంటే మామూలుగా ఎవరూ ఆశ పెట్టుకోరు. లాహిరి ఆ ఏడూ పూడ్చేసి సమానం చేసి ప్లేఆఫ్‌లో గెలిచేశాడు. టీవీ ముందు కూర్చున్న నాకు లాహిరి గెలిచాడని సంతోషించాలో, చౌరాసియా నాలుగోసారి రెండో స్థానంలో ఆగిపోయాడని ఏడవాలో అర్థం కాలేదు. మా ఇంటావిడ వచ్చి, ఇద్దరూ మనవాళ్లే కదండీ, ఎందుకలా కూర్చున్నారు అంది. చాచా అప్పటికి లేడు. ఉంటే ఏమనేవాడో.

మరుసటి ఏడాది 2016లో అదే మైదానంలో చౌరాసియా గెలిచాడు. రెండు దెబ్బల తేడా. ఆ తేడాతో రెండో స్థానం పంచుకున్నవాళ్లలో లాహిరి ఒకడు! 1999 నుంచి లెక్కపెట్టుకోండి, నాలుగుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన మనిషి. ఆ ఏడాదే రియో ఒలింపిక్స్‌కి మన దేశం తరఫున లాహిరి, చౌరాసియా ఇద్దరూ వెళ్లారు. ఇక 2017లో పోటీ గుర్గావ్‌కి మారింది, డీఎల్ఎఫ్ వాళ్ల మైదానం, పాతకాలపు పెద్ద ఆటగాడు గ్యారీ ప్లేయర్ నక్షా గీసింది, పెద్ద పెద్ద ఆటగాళ్లు తలలు పట్టుకున్న మైదానం. అందులో చౌరాసియా ఏడు దెబ్బల తేడాతో గెలిచాడు. వరసగా రెండోసారి. మాలీ కొడుకు.

ఇక్కడిదాకా చదివినవాళ్లకి నా బాధ అర్థమై ఉంటుంది. 1991 నుంచి మనవాళ్లు గెలిచిన ఇండియన్ ఓపెన్లు లెక్కేసుకోండి. అలీ షేర్ రెండు, 1998లో గెలిచిన ఫిరోజ్ అలీ ఒకటి, అత్వాల్ ఒకటి, రణధావా మూడు, విజయ్ కుమార్ ఒకటి, మునియప్ప ఒకటి, లాహిరి ఒకటి, చౌరాసియా రెండు. ఇందులో అలీ షేర్, మునియప్ప, చౌరాసియా, ఈ ముగ్గురివే ఐదు. క్లబ్బు మెంబరుషిప్పు కొనుక్కునే స్తోమత వాళ్ల ఇళ్లల్లో ఎవరికీ లేదు. డబ్బున్నోళ్ల ఆట అని మనం పేజీ తిప్పేస్తే, ఆ ఆటలో డబ్బులేనివాడు గెలిచిన సంగతి కూడా ఆ పేజీతో పాటే తిరిగిపోతుంది.

కనిగిరి పెద్దాయనకి ఒక మాట. నీళ్ల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. గోల్ఫ్ మైదానం గడ్డి నీళ్లు తాగుతుంది, మన ప్రాంతంలో మైదానం కట్టమని నేను అడగడం లేదు, ఎవరన్నా కడతామంటే మీతో పాటు నేనూ అడ్డంగా నిలబడతాను. నేను అడిగేది పేపర్లో జాగా. పేపర్లో జాగాకి నీళ్లు అక్కర్లేదు. క్యాడీ కథ చదివిన మీ ఊరి పిల్లవాడు గోల్ఫ్ ఆడకపోవచ్చు, కానీ తను పనికి వెళ్లిన చోట జరిగే పనిని కళ్లు తెరిచి చూసి నేర్చుకోవచ్చని వాడికి తెలుస్తుంది. మీరూ నేనూ కూడా అలా చూసి నేర్చుకుని ఉద్యోగాల్లో, పొలాల్లో నిలదొక్కుకున్నవాళ్లమే కదా.

ఎడిటర్ గారూ, ఇప్పుడు మీరు ఏం చెయ్యాలో కూడా చెప్పేస్తాను. ఇండియన్ ఓపెన్ నాలుగు రోజులు జరుగుతుంది, గురువారం మొదలై ఆదివారం దాకా. రెండు రోజుల ఆట అయ్యాక కట్ అని ఒకటి ఉంటుంది, స్కోరు సరిగా లేనివాళ్లు సగానికి పైగా ఇంటికి వెళ్లిపోతారు. ఆ కట్ దాటిన మనవాళ్ల పేర్లు శనివారం పేపర్లో వెయ్యండి. చాలు, అదే పెద్ద వార్త. కట్ దాటితేనే ప్రైజు మనీలో వాటా, దాటకపోతే రైలు చార్జీ కూడా చేతి నుంచే.

రెండోది, స్కోరు అర్థమయ్యేలా రాయండి. మైనస్ పది అని వేస్తారు, చదివేవాడికి పది తగ్గిందా, ఓడిపోయాడా అనిపిస్తుంది. మా మనవడికి నేను గోళీలతో చెప్పాను. ఇంటి వెనక పెరట్లో గుంట తీసి, ఇక్కణ్ణుంచి మంచి ఆటగాడు నాలుగు విసుర్లలో వెయ్యాలని పెట్టుకున్నాం అనుకో, ఆ నాలుగే పార్. మూడింట్లో వేస్తే మైనస్ ఒకటి, దాన్ని బర్డీ అంటారు. ఐదు పడితే ప్లస్ ఒకటి, బోగీ. పద్దెనిమిది గుంటలకీ కలిపి పార్ డెబ్భై రెండు అయితే నాలుగు రోజులకి రెండువందల ఎనభై ఎనిమిది. మైనస్ పది అంటే రెండువందల డెబ్భై ఎనిమిది దెబ్బల్లో ముగించాడని. ఎంత తక్కువైతే అంత గొప్ప. తొమ్మిదేళ్ల పిల్లవాడికి పది నిమిషాల్లో అర్థమైంది, ఇప్పుడు వాడే నాకు టీవీలో చెబుతున్నాడు, తాతయ్యా వీడు బోగీ కొట్టాడు చూడు అని. మీ పేపర్లో ఒక్కసారి చిన్న బొమ్మతో వేస్తే పదేళ్లు పనికొస్తుంది.

ఇంకోటి. కరోనా వల్ల 2020 నుంచి 2022 దాకా పోటీయే జరగలేదు. మళ్లీ మొదలయ్యాక 2023లో జర్మనీ వాడు మార్సెల్ సీమ్, 2024లో జపాన్ వాడు కెయితా నకజిమా, 2025లో స్పెయిన్ వాడు యూజెనియో చకారా గెలిచారు. 2017లో చౌరాసియా తర్వాత 2025 దాకా మనవాడు ఒక్కడూ గెలవలేదు. 2024లో వీర్ అహ్లావత్ రెండో స్థానం పంచుకున్నాడు, అది మీ పేపర్లో రాలేదు, నేను వెతికాను. విదేశీయుడు గెలిచినప్పుడు ఆయన ఫొటో వెయ్యండి, తప్పకుండా వెయ్యాలి, గెలిచినవాణ్ణి గౌరవించాలి. దాని కిందే మనవాళ్లలో ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో రెండు లైన్లు రాయండి. ఇరవై ఆరేళ్లు మనవాళ్లెవరూ గెలవని రోజులు కూడా ఈ పోటీ చూసింది, ఆ రోజుల్లో ఆడినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టే ఈరోజు నేను మీకు చెప్పలేకపోతున్నాను. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల విషయంలో ఆ పొరపాటు జరగకూడదు.

వచ్చే ఇండియన్ ఓపెన్ శనివారం నాటి పేపరు నాకోసం తీసి ఉంచమని స్టేషన్ దగ్గర బంకు అబ్బాయికి ఇప్పుడే చెప్పాను. ఇంటికి వచ్చే కాపీ మనవడికి, అది నాకు.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
బిట్రగుంట, నెల్లూరు జిల్లా.